నిరీక్షణ చెప్పే గుట్టు

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకే ఒక్క బెర్తు మిగిలి ఉందనుకుందాం. తుని స్టేషన్ కౌంటరులో ఒకరు, హైదరాబాద్‌లో ఫోన్ పట్టుకుని ఇంకొకరు సరిగ్గా ఒకే క్షణంలో దాన్ని అడిగారు. ఆ బెర్తును ఇద్దరికీ రాసివ్వకూడదు, ఇద్దరినీ ఉత్త చేతులతో పంపనూ కూడదు. ఈ తగవు తీర్చే యంత్రాంగం డేటాబేస్ లోపల ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని కాంకరెన్సీ కంట్రోల్ అంటారు. పాఠ్యపుస్తకాలు దాని పనితనాన్ని రెండు గీటురాళ్ల మీద పరీక్షిస్తాయి. లెక్క తప్పకూడదు. వచ్చిన ప్రతి లావాదేవీ ఎప్పటికో ఒకప్పటికి ముగియాలి, అంటే ఏదీ క్యూలో శాశ్వతంగా మగ్గిపోకూడదు. ఈ రెండోదానికే న్యాయం అని పేరు. ఒకరి సంగతి మరొకరికి తెలిసినా నష్టంలేని వాళ్లు వాడుకున్నంతకాలం ఈ రెండూ చాలు. ఒకరి ఉనికి కూడా మరొకరికి తెలియకూడని వాళ్లు అదే డేటాబేస్‌ను పంచుకోవలసి వచ్చినప్పుడు మూడో గీటురాయిగా గోప్యత వచ్చిపడుతుంది. న్యాయాన్నీ గోప్యతనూ కాస్త కాస్త తగ్గించి సర్దుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నా వాదన వేరు. న్యాయంలో రెండు రకాలున్నాయి. ఎవరు ఎంత ఇబ్బంది పడుతున్నారో చూసి సర్దే న్యాయం మొదటిది. అది గోప్యతతో ఎన్నటికీ పొసగదు. ఎవరినీ చూడకుండా వంతులు వేసే న్యాయం రెండోది. అది పొసగుతుంది, కానీ వృథా ఖర్చు మోపుతుంది. సిస్టమ్‌ను రూపొందించేవాళ్లు ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే రహస్యాలు కారిపోతున్నాయి.

ముందు మొదటి రకం ఎంత చక్కగా పనిచేస్తుందో చూడాలి, లేకపోతే దాన్ని వదులుకోవడంలోని నొప్పి అర్థంకాదు. లాకింగ్ పద్ధతికి గట్టి పునాది వేసిన పరిశోధన పత్రం 1976 నాటిది. ఐబీఎం పరిశోధకులు ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రైగర్ రాశారు. లావాదేవీ తనకు కావలసిన సమాచారం మీద లాకు వేసుకుంటుంది, పనయ్యాక తీస్తుంది. ఒక్క లాకైనా తీశాక ఇక కొత్త లాకు వేయకూడదన్నది నియమం. అందరూ ఈ ఒక్క నియమం పాటిస్తే చాలు, వందల లావాదేవీలు కలగాపులగంగా నడిచినా తుది ఫలితం వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా నడిపినట్టే ఉంటుంది. చిక్కల్లా లాకు కోసం ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఇరుక్కుపోవడంలో ఉంది. 1978లో రోజెన్‌క్రాంట్జ్, స్టెర్న్స్, లూయిస్ దీనికి వయసును బట్టి తీర్పు చెప్పారు. ముందు పుట్టిన లావాదేవీకి కావలసిన లాకు చిన్నదాని చేతిలో ఉంటే పెద్దది ఆగుతుంది. చిన్నదానికి కావలసిన లాకు పెద్దదాని చేతిలో ఉంటే చిన్నది రద్దయి మళ్లీ మొదలవుతుంది. కిటుకంతా ఆ మళ్లీ మొదలవడంలోనే ఉంది. పాత పుట్టిన సమయంతోనే అది తిరిగివస్తుంది. ఎన్నిసార్లు రద్దయితే అంతగా దాని వయసు మిగతావాటికంటే పెద్దదవుతూ పోతుంది. చివరికి అందరిలోకీ అదే పెద్దదవుతుంది కాబట్టి దాన్ని ఇక ఎవరూ రద్దు చేయలేరు. ఓడిపోయినవాడి ఓటమినే అతని హక్కుగా మార్చిన ఈ ఏర్పాటు, నా దృష్టిలో కంప్యూటర్ శాస్త్రంలోని అందమైన ఆలోచనల్లో ఒకటి.

న్యాయం అంటే వచ్చిన వరుస మాత్రమే కావాలని కూడా లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో చాలాకాలం లాకు కోసం ఎదురుచూసేవాళ్లను వచ్చిన వరుసలోనే పిలిచేవారు. 8.0 తరంలో ఆ పద్ధతి మారింది. ఏ లావాదేవీ వెనక ఎక్కువమంది ఆగి ఉన్నారో లెక్కగట్టి, దాన్ని ముందు వదిలితే క్యూ మొత్తం త్వరగా కదులుతుందన్న సూత్రాన్ని తెచ్చారు. 8.0.20 వెర్షన్ నుంచి పాత వరుస పద్ధతిని పూర్తిగా తీసేశారు. వయసు చూసినా, వెనక ఉన్న జనాన్ని చూసినా, పడిన రద్దులను లెక్కించినా ఈ న్యాయాలన్నీ ఒకే పని చేస్తున్నాయి. సిస్టమ్‌లో ఇప్పుడు ఎవరెవరున్నారో, ఏం చేస్తున్నారో గమనించి, ఆ సంగతిని మిగతావాళ్లు ఎంతసేపు ఆగాలన్నదానిలోకి అనువదిస్తున్నాయి. ఇంకో మాటలో చెప్పాలంటే, నేను ఎంతసేపు ఆగానన్నది నా పక్కవాడి గురించిన వార్త.

ఆ వార్త ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే సైనిక అవసరాలను చూడాలి. 1973లో అమెరికా వైమానిక దళం కోసం మైటర్ సంస్థలో డేవిడ్ బెల్, లియొనార్డ్ లాపడూలా ఒక నమూనా తయారుచేశారు. సమాచారాన్నీ దాన్ని వాడే ప్రోగ్రాములనూ అంచెలుగా విడదీయాలి. పై అంచెలో ఉన్నవాళ్లు కింది సమాచారాన్ని చదవచ్చు. కింది వాళ్లు పైది చదవకూడదు, పై వాళ్లు కిందికి రాయకూడదు. పైవాళ్లను రాయవద్దనడం వింతగా తోస్తుంది గానీ కారణం గట్టిదే. పై అంచెలో నడిచే ప్రోగ్రాములో ఎవరైనా దొంగ కోడు దాచి ఉంటే, అది రహస్యాన్ని కింది ఫైలులోకి ఎత్తి రాసేయగలదు. డేటాబేస్‌లలో ఈ నియమాన్ని ఇంకా బిగించి, ఎవరి అంచెలో వాళ్లే రాయాలని పెట్టుకోవడం సాధారణం. దాంతో రెండు అంచెల లావాదేవీలు తగవుపడే సందర్భం ఒక్కటే మిగులుతుంది. కింది అంచెలోని ఒక అంకెను పైవాడు చదువుతుండగా కిందివాడు దాన్నే మార్చాలనుకోవడం. సమస్య అంతా ఈ ఒక్క ఇరుకు సందులోనే ఉంది.

సందు ఇరుకైనా అందులోంచి మొత్తం రహస్యం దాటిపోతుంది. పై అంచెలోని దొంగ ప్రోగ్రాము, కిందనున్న దాని జత ప్రోగ్రాము ముందే ఒక అంకెను ఎంచుకుంటాయి. ప్రతి సెకను ఆరంభంలో, ఒకటి అని చెప్పాలంటే పై ప్రోగ్రాము ఆ అంకె మీద చదివే లాకు వేస్తుంది, సున్నా అని చెప్పాలంటే ఊరుకుంటుంది. కింది ప్రోగ్రాము ఆ అంకెను మార్చబోతుంది. ఆగవలసివస్తే ఒకటి, ఆగకుండా పనైతే సున్నా. పై ప్రోగ్రాము కిందికి ఒక్క అక్షరం కూడా రాయలేదు. చదవడానికి దానికి పూర్తి అనుమతి ఉంది. చదివినందుకు లాకు వేయడం డేటాబేస్ విధి. బెల్, లాపడూలా నియమాల్లో ఏదీ అతిక్రమించలేదు, అయినా రహస్యం ఒక్కొక్క బిట్టుగా దిగిపోయింది. సమాచారం పంపడానికి ఉద్దేశించని సాధనాన్ని అందుకు వాడుకునే ఇలాంటి దారులను 1973లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త బట్లర్ లాంప్సన్ ఒక చిన్న వ్యాసంలో వర్గీకరించి చూపించాడు. తెలుగులో వీటిని చాటుదారులు అనుకోవచ్చు.

ఒక్కొక్క బిట్టు కారితే ఏమవుతుందిలే అన్నది ఇక్కడ మొదట వినిపించే ఆక్షేపణ. అమెరికా రక్షణ శాఖ 1983లో వెలువరించి, 1985లో ప్రమాణంగా స్థిరపరచిన, నారింజ అట్టతో ఆరెంజ్ బుక్‌గా పేరుపడ్డ పుస్తకంలోనూ ఆ ధోరణి కనబడుతుంది. సెకనుకు 100 బిట్లు దాటే చాటుదారిని అది ఎక్కువ ప్రమాదంగా పరిగణించింది. పాత టెర్మినళ్లు దాదాపు ఆ వేగంతోనే పనిచేసేవన్నది అందుకు చెప్పిన కారణం. సెకనుకు ఒక బిట్టు కంటే తక్కువైతే చాలా సందర్భాల్లో సహించవచ్చంది. పది సెకన్లకు ఒక బిట్టు దాటేవాటి మీద నిఘా పెట్టగల ఏర్పాటు ఉండాలంది. పెద్ద పెద్ద ఫైళ్లు దొంగిలించడమే భయమైతే ఈ లెక్క సబబే. ఇప్పుడు విలువైన రహస్యాలు చాలా పొట్టివి. 128 బిట్ల సంకేత తాళంచెవి సెకనుకు ఒక బిట్టు చొప్పున కారితే 2 నిమిషాల 8 సెకన్లలో మొత్తం బయటపడుతుంది. పది సెకన్లకొక బిట్టైనా 21 నిమిషాల 20 సెకన్లే. పన్నెండంకెల ఆధార్ సంఖ్య 40 బిట్లకు మించదు. అంటే ఆరెంజ్ బుక్ సహించవచ్చన్న గీత దగ్గరే, ముక్కాలు నిమిషం గడవకముందే ఒకరి ఆధార్ సంఖ్య పూర్తిగా దిగిపోతుంది. కారుడు వేగం తక్కువైనంత మాత్రాన నష్టం తక్కువని అనుకోవడానికి వీల్లేదు. కారిపోయే వస్తువు పొడవెంతో కూడా చూడాలి.

మరి ఈ దారిని మూయడమెలా? వెంటనే తట్టే మందు, కిందివాడు ఎప్పుడూ గెలవాలన్న నియమం. కింది లావాదేవీ రాయడానికి రాగానే, ఆ అంకె మీద లాకు వేసుకున్న పై లావాదేవీని రద్దుచేసి మళ్లీ మొదలెట్టమనాలి. అప్పుడు కిందివాడికి ఆగడమంటే ఏమిటో తెలియదు కాబట్టి చేరే వార్తా ఉండదు. చాటుదారి మూసుకుపోయింది, న్యాయం మాత్రం చచ్చిపోయింది. కింది అంకెలు నిమిషానికి వందసార్లు మారే చోట, వాటన్నిటినీ కూడి నివేదిక తయారుచేసే పై లావాదేవీ ఏనాటికీ ముగియకపోవచ్చు. సైనిక సరఫరాల డేటాబేస్‌లో పై అంచె అంటే నిర్ణయాలు తీసుకునేవాళ్లు. కింద డిపోల్లో సరుకు నమోదు చేసే గుమాస్తా పని క్షణాల్లో అవుతుంది, పైన సేనాధిపతి నివేదిక మొదటికే వస్తుంటుంది. ముఖ్యమైన పనికే ఎక్కువ శిక్ష పడడం ఈ మందులోని విపరీతం.

ఇక్కడే ఇంజనీరు మనసు వయసు సూత్రం వైపు లాగుతుంది. పై లావాదేవీ పదిసార్లు రద్దయితే, పదకొండోసారి దానికి ప్రాధాన్యం ఇచ్చి కిందివాణ్ణి కాసేపు ఆపితే తప్పేమిటి? పదిసార్లలో ఒక్కసారే కదా? తప్పేమిటో 1982లో పరిశోధకులు గోగెన్, మెసెగెర్ గోప్యతకు ఇచ్చిన నిర్వచనం పక్కన పెట్టి చూస్తే రెండు వాక్యాల్లో తేలుతుంది. పై అంచెలోని చర్యలన్నిటినీ చెరిపేసి సిస్టమ్‌ను మళ్లీ నడిపినా కిందివాడికి కనబడేది ఏమాత్రం మారకపోతేనే అది సురక్షితం అన్నారు వాళ్లు. పైవాడి బాధ తీర్చడానికి కిందివాణ్ణి ఆపే ఏ సూత్రమైనా, పైవాడు లేనప్పుడు కిందివాణ్ణి ఆపదు. కనుక కిందివాడికి తేడా కనబడుతుంది. పదిసార్లకొకసారి అన్నా, వందసార్లకొకసారి అన్నా ఈ తర్కం చెక్కుచెదరదు. కారుడు నెమ్మదిస్తుంది తప్ప ఆగదు. అందుకే అంచెల మధ్య, స్థితిని చూసి స్పందించే న్యాయాన్ని ఇంకా తెలివిగా రాస్తే కుదురుతుందని వెతకడం వృథా ప్రయాస. అడ్డుపడుతున్నది ప్రోగ్రామరు నేర్పులోని లోపమైతే సరిదిద్దవచ్చు. అడ్డుపడుతున్నది నిర్వచనమే.

రెండో రకం న్యాయం మాటేమిటి? ప్రతి గంటకూ ఒక నిమిషం కింది రాతలన్నిటినీ ఆపేస్తాం అనుకోండి. ఆ నిమిషంలో పైన ఎవరైనా చదువుతున్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. పైన ఒక్క లావాదేవీ లేకపోయినా ఆపుతాం, వంద ఉన్నా అదే నిమిషం ఆపుతాం. నిమిషంలో ముగియని పై లావాదేవీ తర్వాతి గంట దాకా ఆగాలి. కిందివాడు ఆగాడు, కానీ గడియారం గురించి తప్ప అతనికేమీ తెలియలేదు. పైవాడికి తనదైన వంతు ఖాయంగా దక్కింది. సాగర్ కాలువల కింద నీటి ఎద్దడి ఏడాదిలో అమలుచేసే వారబందీ అనే వంతుల పద్ధతి లాంటిదిది. నా వంతు రోజుల్లో నేను నీళ్లు పెట్టుకోకపోయినా పక్క తూము తెరవరు, కాబట్టి నేను చేలో ఉన్నానో ఊళ్లో లేనో పక్క తూము కింది రైతుకు నీటిమట్టం చూసి చెప్పడం సాధ్యంకాదు. పోయిన నీళ్లు పోతాయి. అలాగే పైవాళ్లెవరూ లేని రాత్రి వేళ కూడా కింది రాతలు గంటకో నిమిషం ఊరికే నిలిచిపోతాయి. ఆ వృథాను తగ్గించాలని, పైన ఎవరూ లేకపోతే నిమిషం రద్దు చేద్దామని ఎవరైనా మేలుచేయబోయిన మరుక్షణం చాటుదారి తిరిగి తెరుచుకుంటుంది. ఈ పద్ధతిలో వృథాను పూర్తిగా వదిలించుకోలేం. గోప్యతకు కట్టే వెల అదే.

పరిశోధకులు గంటకో నిమిషం కన్నా మేలైన దారి కనిపెట్టారు. డేవిడ్ రీడ్ 1978లో ఎంఐటీకి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో, పాత విలువను చెరిపేయకుండా కొత్త విలువను దాని పక్కనే కొత్త వెర్షన్‌గా రాసే పద్ధతి ఉంది. చదివేవాడికి పాత వెర్షన్ చూపిస్తే, రాసేవాడు ఎవరికోసమూ ఆగనక్కర్లేదు, చదివేవాడు రద్దవనక్కర్లేదు. పై అంచె, కింది అంచె తగవు చదవడం, రాయడం మధ్యనే కాబట్టి ఈ మందు దానికి అచ్చంగా సరిపోతుంది. 1990లో కీఫ్, సాయ్ దీన్ని అంచెల డేటాబేస్‌కు మలిచారు. పై లావాదేవీకి ఇచ్చే సమయ ముద్ర, ఆ క్షణంలో కింద నడుస్తున్న లావాదేవీలన్నిటికంటే పాతదై ఉండాలి. అప్పుడు పైవాడు చూసేది వాటికి ముందున్న ప్రపంచాన్ని. ఎవరూ ఆగరు, ఎవరూ రద్దవరు, లెక్క కూడా తప్పదు. ఇందులో పైవాడు చెల్లించేది తాజాదనం. కింద ఒక లావాదేవీ రెండు గంటలు సాగితే, పైవాడు రెండు గంటల కిందటి లోకాన్ని చూస్తూ నిర్ణయాలు తీసుకుంటాడు. మగ్గిపోవడం పోయి, పాతబడడం వచ్చింది. జీతాల నివేదికకు ఇది పట్టింపు కాదు, క్షిపణి జాడకు ప్రాణాంతకం.

వెర్షన్లతో సమస్య తీరిపోయిందని పుస్తకాలు సంబరపడే చోటే నాకు అసలు ఆసక్తి మొదలవుతుంది. పాత వెర్షన్లు ఎక్కడో ఒక చోట ఉండాలి, ఆ చోటుకు హద్దుంది. హద్దు నిండినప్పుడు ఏం చేస్తారన్న ప్రశ్నతో పాత తగవు కొత్త వేషంలో తిరిగివస్తుంది. ఒరాకిల్ డేటాబేస్ వాడేవాళ్లకు "స్నాప్‌షాట్ టూ ఓల్డ్" అన్న దోష సందేశం బాగా పరిచయం. సుదీర్ఘంగా నడిచే చదువరికి కావలసిన పాత విలువలను, చోటు చాలక, కొత్త రాతలు తుడిచేశాయని దాని అర్థం. చదువరి మొదటినుంచీ మళ్లీ నడవాలి. అదే పాత మగ్గుడు. ఒరాకిల్‌లోనే దీనికి ఎదురు మీట కూడా ఉంది. పాత విలువలను ఫలానా వ్యవధి దాకా నిలిపి తీరాలని హామీ పెట్టుకోవచ్చు. అప్పుడు చోటు నిండితే చదువరి బతుకుతాడు, రాసేవాడి పని విఫలమవుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా నడిచేది ఈ రెండో దిక్కుకే దగ్గర. ఒక పాత చదువరి ఇంకా నడుస్తుండగా అతనికి కావలసిన పాత వరుసలను ఊడ్చెయ్యరు, పట్టికలు ఉబ్బిపోతాయి, అందరి పనీ మందగిస్తుంది. 2016లో వచ్చిన 9.6 వెర్షన్‌లో, మరీ పాత చదువరులను వదిలేసి ఊడ్చుకునే మీట ఒకటి పెట్టారు. 2024 నాటి 17వ వెర్షన్‌లో దాన్ని తీసేశారు.

ఈ మీటలను పనితీరు సర్దుబాట్లుగా చూడడం అలవాటు. అంచెల దృష్టితో చూస్తే ఇవి గోప్యతా నిర్ణయాలు. రాసేవాణ్ణి విఫలం చేసే వైపు మీట తిప్పితే, పైనున్న చదువరి కావాలని ఎక్కువసేపు కూర్చుని కింది రాతలను ఆపగలడు. అంటే చదువరి ఉన్నాడో లేడో కిందికి తెలిసింది. చదువరిని విఫలం చేసే వైపు తిప్పితే చాటుదారి లేదు, న్యాయమూ లేదు. పట్టికలు ఉబ్బడం సైతం నెమ్మదిగా నడిచే ఒక చాటుదారే. ఇక్కడ కూడా తప్పించుకునే మార్గం రెండో రకం న్యాయమే. పై చదువరుల కోసం పాత వెర్షన్లకు విడిగా ఇంత చోటని కేటాయించాలి. వాళ్లు వాడుకున్నా లేకున్నా దాన్ని కింది రాతలకు అప్పివ్వకూడదు. ఆ చోటు పట్టినంత వయసున్న చదువరికే హామీ, అంతకు మించితే రద్దు. పరిమితి ముందే తెలుసు కాబట్టి పైవాడు తన నివేదికను దానికి తగ్గట్టు ముక్కలు చేసుకోగలడు.

ముక్కలు చేసుకుంటే ఒక్కో ముక్క ఒక్కో క్షణపు లోకాన్ని చూడవచ్చు కాబట్టి, లెక్క సరిగా ఉండాలన్న మొదటి గీటురాయి కూడా బేరానికి వస్తుంది. ఈ బేరం కొత్తది కాదు. ఒరాకిల్ సంస్థ సైనిక అవసరాల కోసం తెచ్చిన ట్రస్టెడ్ ఒరాకిల్ వెర్షన్లనూ లాకులనూ కలిపి వాడింది. అందులో లావాదేవీల ఫలితం ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఉంటుందన్న హామీ ఎల్లవేళలా నిలవదని తర్వాత పరిశోధకులు చూపించారు. కాకినాడ జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చదివి, జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన విజయలక్ష్మి అట్లూరి ఈ రంగంలో ముఖ్యులైన పరిశోధకుల్లో ఒకరు. సుశీల్ జాజోదియా, ఎలీసా బెర్టీనోలతో కలిసి ఆమె, ఆ హామీని ఎంతవరకు సడలించినా పనికి ముప్పు లేదో మెట్లు మెట్లుగా నిర్వచించారు. ఏ అంచెకు ఆ అంచెలో క్రమం కచ్చితంగా ఉంటే చాలునన్నది ఒక మెట్టు. పైవాడు కిందినుంచి ఒకే ఒక్క అంకె చదువుతాడనుకుంటే ఎంత క్రమం అవసరమన్నది ఇంకొకటి. ఈ పని నాకు నచ్చడానికి కారణం, సడలింపును దాచకుండా దానికి పేరు పెట్టడం. హామీ ఎక్కడ వదులైందో తెలిస్తే, ఏ నివేదిక దాని మీద ఆధారపడవచ్చో ఏది పడకూడదో తేల్చుకోవచ్చు.

ఇంత కష్టమెందుకు, కాస్త యాదృచ్ఛికమైన ఆలస్యం కలిపితే కిందివాడికి తికమకై దారి మూసుకుపోదా అన్నది మరో ఆక్షేపణ. దీనికి క్లాడ్ షానన్ 1948లోనే జవాబు చెప్పాడు. రొద కలిపితే సమాచార మార్గం సామర్థ్యం తగ్గుతుంది, మామూలు రొదతో సున్నా కాదు. అదే బిట్టును పదిసార్లు పంపి సగటు తీస్తే రొద కరిగిపోతుంది. అయినా ఈ ఆక్షేపణను కొట్టిపారెయ్యకూడదు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో కాంగ్, మాస్కోవిట్జ్ 1993లో రూపొందించిన పంప్ అనే సాధనం సరిగ్గా దీన్నే వాడింది. కింది అంచె నుంచి పైకి సందేశాలు చేరేటప్పుడు, అందిందన్న కబురు పైనుంచి రావలసినప్పుడల్లా కొంత సమాచారం జారుతుంది. కబురే వద్దంటే సందేశాలు తప్పిపోతాయి. పంప్ ఆ కబుర్లను పైవాడి ఇటీవలి సగటు వేగాన్ని బట్టి యాదృచ్ఛికంగా ఆలస్యం చేసి పంపుతుంది. దారి పూర్తిగా మూసుకోదు, కానీ ఎంత కారగలదో ముందే లెక్కగట్టవచ్చు. గడువులోగా ముగియవలసిన లావాదేవీల విషయంలో సాన్, ముక్కామల, డేవిడ్ 2000లో ఇదే బాట పట్టారు. చాటుదారి సామర్థ్యాన్నే ఒక కొలతగా పెట్టుకుని, గడువు తప్పడానికీ కారుడుకూ మధ్య బేరమాడారు. కారుడుకు ఒక అంకె కట్టి, దాన్ని రాసి ఒప్పుకున్నంతవరకు మొదటి రకం న్యాయాన్ని వాడడం తప్పనను. అంకె కట్టకుండా వాడడమే నాకు అభ్యంతరం.

పై అంచెలోనే ద్రోహి ఉంటే అతను తెర ఫోటో తీసుకుని పోడా, లాకులతో బిట్లు జార్చే శ్రమెందుకన్నది ఇంకో ప్రశ్న. మనిషి ద్రోహి అయితే నిజమే. ఇక్కడి భయం మనిషి గురించి కాదు, ఆ మనిషి నమ్మి నడుపుతున్న ప్రోగ్రాము గురించి. ఏ సంస్థ సాఫ్ట్‌వేర్ చూసినా ఎవరెవరో రాసిన వందల కోడు ముక్కలను కలిపి కట్టిందే. వాటిలో ఒకదాంట్లో దాగిన కోడుకు కెమెరా లేదు, బయటి నెట్‌వర్క్ లేదు. దానికున్నవి డేటాబేస్ లాకులే.

అంచెల డేటాబేస్‌లు సైన్యానికి పరిమితమైన పాత సంగతులని, మామూలు ప్రపంచానికి వాటితో పనిలేదనీ అనేవాళ్లతో సగమే ఏకీభవించగలను. ట్రస్టెడ్ ఒరాకిల్ లాంటివి మరుగున పడ్డాయి, సమస్య మాత్రం అద్దె సర్వర్లలోకి చేరింది. 2009లో రిస్టెన్‌పార్ట్, ట్రోమర్, షాచమ్, సావేజ్ అమెజాన్ అద్దె కంప్యూటర్ల మీద చేసిన పరిశోధన, ఒక వినియోగదారు తను గురిపెట్టినవాడు నడిచే యంత్రం మీదే చోటు సంపాదించి, పంచుకున్న వనరుల ద్వారా అతని పని గురించి కొంత పసిగట్టవచ్చని చూపించింది. 2018 జనవరిలో బయటపడిన స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే దాడులు కూడా, ప్రాసెసర్ లోపల పని పట్టే సమయంలోని తేడాలనుంచే రహస్యాలు లాగాయి. ఈ లోకంలో పై అంచె, కింది అంచె లేవు. రెండు బ్యాంకులు ఒకే డేటాబేస్ సేవను అద్దెకు తీసుకుంటే, ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ ఏదీ జారకూడదు. పైవాణ్ణి బలిపెట్టి కిందివాణ్ణి గెలిపించే ఉపాయం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే బలివ్వడానికి పైవాడంటూ ఎవరూ లేరు. ఇద్దరి సమాచారం వేరువేరు కాబట్టి ఒకే అంకె మీద లాకుల తగవు రాదు. తగవల్లా మెమరీ, డిస్కు, ప్రాసెసర్ సమయం మీదికి మారింది. అక్కడ చాలా అద్దె సేవలు గర్వంగా చెప్పుకునే గుణం, ఒకరు వాడని వాటాను ఇంకొకరికి అప్పివ్వడం. అదే మొదటి రకం న్యాయం. పక్క అద్దెదారు ఊరుకున్నప్పుడు నా పని వేగంగా సాగితే, అతని పనివేళలు నాకు తెలిసినట్టే.

అందరికీ ఈ పట్టింపు అక్కర్లేదన్నది కూడా నిజం. రైలు బెర్తు కోసం పక్కవాడు పోటీపడుతున్నాడని తునిలోని ప్రయాణికుడికి తెలిస్తే ఎవరికీ నష్టం లేదు. అక్కడ వయసు సూత్రమో, వెనక ఉన్న జనాన్ని చూసే సూత్రమో నిక్షేపంగా వాడుకోవచ్చు, వాటా అప్పివ్వడం వల్ల ధరా తగ్గుతుంది. ఒకే అంచెలో ఉన్నవాళ్ల మధ్య, ఒకే సంస్థ సొంత లావాదేవీల మధ్య స్పందించే న్యాయమే మేలు. పరాయి అద్దెదారుల సరిహద్దు దగ్గర మాత్రం అది ఆగిపోవాలి. అద్దె సేవల్లో యంత్రం మొత్తాన్నీ ఒకరికే కేటాయించే పథకాలు మామూలు వాటికంటే ఖరీదు. ఆ అదనపు సొమ్ములో కొంత, వాడకుండా పడి ఉన్న సామర్థ్యాన్ని ఎవరికీ అప్పివ్వనందుకు కట్టే వెల. పనివేళలు, పని పరిమాణం పోటీదారుకు తెలియకూడదనుకునే సంస్థ సేవా ఒప్పందంలో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. నేను వాడని వాటా ఎవరికి పోతుంది? నా పొడవాటి చదువు ఒకటి ఎవరి రాతలను ఆపగలదు? చోటు నిండినప్పుడు మీట ఏ వైపు తిరిగి ఉంది? మూడోదానికి జవాబు చాలాసార్లు ఒప్పందంలో దొరకదు. డేటాబేస్‌ను ఎవరో మొదటిసారి అమర్చినప్పుడు మార్చకుండా వదిలేసిన ఒక డిఫాల్ట్ అంకెలో ఉంటుంది.